అమెరికాలో ఒక పల్లె కౌంటీని చదవడం ఎలా: రే కౌంటీ, దాని కోర్టుహౌసు

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన పెద్దవాళ్ళకు చూపించే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. నయాగరా, వాషింగ్టన్, దగ్గర్లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి, ఓ పెద్ద మాల్. అవన్నీ చూడాల్సినవే. కానీ ఈ దేశంలో ప్రభుత్వం కింది మెట్టు మీద ఎలా నడుస్తుందో కళ్ళతో చూడాలంటే మాత్రం ఒక చిన్న కౌంటీకి (రాష్ట్రంలో మన జిల్లా లాంటి భాగం) వెళ్ళి, ఊరి నడుమ ఉండే కోర్టుహౌసులో ఒక పూట గడపాలి. నేను ప్రకాశం జిల్లాలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి. అడంగళ్ళు, ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు), జమాబందీల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే టెనెసీ రాష్ట్రంలో మా అబ్బాయి ఉండే చాటనూగా నుంచి ఎప్పుడు వీలైతే అప్పుడు ఉత్తరాన ఉన్న రే కౌంటీకి వెళ్తుంటాను. అక్కడ ఏం చూడాలో, ఏ వరసలో చూస్తే బాగా అర్థమవుతుందో రాస్తున్నాను. ఇదే పద్ధతిలో మీ పిల్లలుండే చోట ఏ కౌంటీనైనా చూడొచ్చు.

బయలుదేరే ముందు మ్యాపు

ఫోన్లో కౌంటీ పేరు కొడితే హద్దు గీత కనిపిస్తుంది. ముందు ఆ గీత ఎక్కడెక్కడ వంకర తిరిగిందో చూడండి. గీత తిన్నగా ఉంటే మనిషి గీసింది, వంకరగా ఉంటే నది గానీ కొండ గానీ గీసింది. రే కౌంటీకి తూర్పు హద్దు టెనెసీ నది. పడమటి వైపు వాల్డెన్ రిడ్జ్ అనే పొడవాటి కొండ గోడలా నిలబడి ఉంటుంది, దాని పైభాగం కంబర్లాండ్ పీఠభూమిలో భాగం. ఈ రెంటి మధ్య సన్నటి లోయలోనే ఊళ్ళు, పొలాలు, రైలు మార్గం, 27వ నంబరు హైవే అన్నీ ఇమిడిపోయాయి. మనుషులు ఎక్కడ ఉంటారో, రోడ్డు ఎటు పోతుందో నేలే ముందు నిర్ణయించేసింది.

కొండ దాటి పక్కనున్న బ్లెడ్సో కౌంటీలోకి పోతే గడియారం గంట వెనక్కి పోతుంది. రే కౌంటీది ఈస్టర్న్ టైము, బ్లెడ్సోది సెంట్రల్ టైము. రెండు ఆఫీసుల్లో పని పెట్టుకున్నవాళ్ళు ఇది చూసుకోవాలి.

రే కౌంటీ నేల 315 చదరపు మైళ్ళ దాకా ఉంటుంది. మన మూడు నాలుగు మండలాలు కలిపితే అంత. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 33 వేలకు కాస్త తక్కువ, అంటే మన ఒక మండలంలో సగం. ఆ సగం మండలం జనానికి సొంత షెరీఫ్, సొంత జైలు, సొంత రిజిస్ట్రారు, పన్ను వేసుకునే అధికారం ఉన్న సొంత సభ ఉన్నాయి. టెనెసీ రాష్ట్రం మొత్తం మీద ఇలాంటి కౌంటీలు 95.

కౌంటీ ఎలా పుట్టింది, ఎలా తరిగింది

మన జిల్లాల చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ భాగం సులువు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి 1970లో మా జిల్లాను చేశారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇక్కడా అంతే. రోన్ కౌంటీ నుంచి విడదీసి 1807లో రే కౌంటీని ఏర్పాటు చేశారు. ఐర్లాండ్‌లో పుట్టి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి, తర్వాత టెనెసీ నుంచి కాంగ్రెస్‌కు వెళ్ళిన జాన్ రే పేరు పెట్టారు. తర్వాత దీని నుంచే భూమి తీసి 1819లో హామిల్టన్ కౌంటీ చేశారు. ఇవాళ చాటనూగా నగరం ఉన్నది ఆ కౌంటీలోనే. 1836లో నదికి అవతలి వైపు మెగ్స్ కౌంటీ ఏర్పడింది, అందులోనూ రే భూమి ఉంది. అంటే పక్కనున్న పెద్ద నగరం కౌంటీ ఈ పల్లె కౌంటీకి బిడ్డ వరస అన్నమాట. మా అబ్బాయి ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్నాడు, కానీ ఈ సంగతి నేను చెప్పేదాకా వాడికి తెలియదు.

ఇక తేడా ఎక్కడంటే, మన దగ్గర జిల్లాను విడగొట్టాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు పిలిచి, చేసేస్తుంది. టెనెసీ రాజ్యాంగంలో దీనికి కొలతలే రాసి పెట్టారు. కొత్త కౌంటీకి కనీసం 275 చదరపు మైళ్ళ నేల ఉండాలి. దాని హద్దు గీత పాత కౌంటీ కోర్టుహౌసుకు 11 మైళ్ళ కంటే దగ్గరికి రాకూడదు. లేకపోతే పాత కోర్టుహౌసు ఓ మూలకు పడిపోయి అటు జనం అవస్థ పడతారు. కౌంటీ కేంద్రాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చాలంటే ఓటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మా చోట మండల కేంద్రం ఎక్కడ పెట్టాలన్న గొడవల్లో అర్జీలు తీసుకున్నవాణ్ణి నేను. ఆ మూడింట రెండొంతుల షరతు చదివినప్పుడు, దాన్ని రాసినవాళ్ళు ఇలాంటి గొడవలు బాగా చూసినవాళ్ళే అయి ఉండాలనిపించింది.

రే కౌంటీలో అలాంటి మార్పు నిజంగానే జరిగింది. మొదట కౌంటీ కేంద్రం నది దగ్గర ఉన్న వాషింగ్టన్ అనే ఊరు. పడవల మీద సరుకు సాగిన రోజులవి. 1880 నాటికి సిన్సినాటి నుంచి చాటనూగా వరకు రైలు మార్గం పడింది. అది నదిని ఆనుకుని కాక లోయ పడమటి వైపున, స్మిత్స్ క్రాస్‌రోడ్స్ అని పిలిచిన ఊరి మీదుగా పోయింది. ఆ ఊరే డేటన్. బొగ్గు గనులు, ఇనుము కరిగించే కొలుములు అక్కడే పెరిగాయి. 1890లో కౌంటీ కేంద్రం డేటన్‌కు మారింది, మరుసటి ఏడాదే ఇప్పుడున్న కోర్టుహౌసు కట్టారు. సిన్సినాటి నగరమే సొంతంగా వేయించుకున్న రైలు మార్గం అది, 2024 వరకు ఆ నగరం ఆస్తిగానే ఉంది.

తలుపుల మీద పేర్లు

చాటనూగా నుంచి డేటన్ దాదాపు 40 మైళ్ళు. కోర్టుహౌసు మూడంతస్తుల ఎర్ర ఇటుక కట్టడం, ఓ మూల గడియారం ఉన్న ఎత్తయిన గోపురం. చుట్టూ చెట్లు, పచ్చిక. ఎవరినీ దారి అడగక్కర్లేదు, ఊళ్ళోకి పోగానే కనిపిస్తుంది.

ఏ కౌంటీకి పోయినా నేను ముందు చేసే పని ఒకటుంది. ఆఫీసుల బోర్డులు చదువుకుంటూ ఒక చుట్టు తిరగడం. కొన్ని ఆఫీసులు కోర్టుహౌసులో ఉంటాయి, కొన్ని పక్క కట్టడాల్లో ఉంటాయి. ఎక్కడున్నా ప్రతి బోర్డు ముందు ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కుర్చీలో కూర్చున్న మనిషిని ఎవరు పెట్టారు?

మన తహసీల్దారు ఆఫీసులో ఒకే అధికారి కింద ఎన్ని పనులు నడుస్తాయో మీకు తెలుసు. టెనెసీలో వాటిని విడగొట్టి, ఒక్కో దానికి ఒక్కో మనిషిని జనమే ఎన్నుకుంటారు. అసెసర్ భూమికి, ఇంటికి విలువ కడతాడు. ట్రస్టీ పన్ను వసూలు చేసి కౌంటీ సొమ్ము కాపాడతాడు. రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ అంటే మన సబ్ రిజిస్ట్రారు. కౌంటీ క్లర్క్ దగ్గర పెళ్ళి లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, వ్యాపార లైసెన్సు. షెరీఫ్ పోలీసూ జైలూ చూసుకుంటాడు. వీళ్ళందరి పైన కౌంటీ మేయర్ గానీ కౌంటీ ఎగ్జిక్యూటివ్ గానీ ఉంటారు, ఆ పదవీ ఎన్నికదే. అందరికీ నాలుగేళ్ళ పదవీకాలం, ఎన్నికలు ఆగస్టులో. మేయర్ పైన ఉన్నాడన్న మాటే గానీ, షెరీఫ్‌ను బదిలీ చేయలేడు, ట్రస్టీని తీసేయలేడు. వాళ్ళు కూడా ఆయనలాగే ఓట్లతో వచ్చినవాళ్ళు. కలెక్టరు గారి ఫోను వస్తే లేచి నిలబడ్డ సర్వీసు నాది, అందుకని ఈ ఏర్పాటు వంటబట్టడానికి నాకు సమయం పట్టింది. ఇందులో ఒక మేలుంది, ఒక ఇబ్బందీ ఉంది. ఎవరి పని చెడినా జనం నేరుగా ఆ మనిషిని దించేయగలరు. కానీ ఇద్దరి మధ్య పొసగకపోతే సర్దిచెప్పే పై అధికారి ఉండడు.

పన్ను ఎలా కడతారో చూస్తే ఈ విభజన బాగా బోధపడుతుంది. రెండు లక్షల డాలర్ల ఇల్లనుకోండి. నివాసమైతే విలువలో 25 శాతం మీదే పన్ను, అంటే 50 వేల మీద. పొలానికీ అదే లెక్క, దుకాణమైతే 40 శాతం. ఇక్కడి దాకా అసెసర్ పని. నూటికి ఎంత పన్ను అనేది కౌంటీ కమిషన్ సభ ఓటు వేసి తేలుస్తుంది. నూటికి రెండు డాలర్లని పెట్టారనుకుంటే ఏడాదికి వెయ్యి డాలర్లు. ఆ వెయ్యి కట్టించుకునేది ట్రస్టీ. అక్టోబరు మొదటి సోమవారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా గడువు, ఆ తర్వాత వడ్డీ పడుతుంది. విలువ కట్టినవాడి చేతికి డబ్బు రాదు, డబ్బు తీసుకునేవాడికి రేటు మార్చే హక్కు లేదు. శిస్తు వసూళ్ళ గొడవలు తెలిసిన ఎవరికైనా ఇందులోని జాగ్రత్త అర్థమవుతుంది.

మీ పిల్లలకు అమెరికాలో ఇల్లుంటే ఈ భాగం వాళ్ళకు చదివి వినిపించండి. చాలామంది పన్ను బ్యాంకు ద్వారా కట్టేస్తారు, విలువ ఎవరు కట్టారో పట్టించుకోరు. విలువ ఎక్కువ వేశారనిపిస్తే ముందు అసెసర్ ఆఫీసుకు, తర్వాత కౌంటీ బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్‌కు అప్పీలు పెట్టుకోవచ్చు. ట్రస్టీ దగ్గరికి పోయి వాదిస్తే పని జరగదు, ఆయన చేతిలో అది లేదు.

దస్తావేజుల పుస్తకం

సమయం తక్కువుంటే మిగతావి వదిలేసినా ఇది వదలొద్దు. రిజిస్టర్ ఆఫీసుల్లో పాత డీడ్ పుస్తకాలు వరసగా పేర్చి ఉంటాయి. కొత్తవి కంప్యూటర్లో చూడొచ్చు. ప్రభుత్వ రికార్డులు చూసే హక్కును టెనెసీ చట్టం ఆ రాష్ట్ర పౌరులకు ఇచ్చింది కాబట్టి అక్కడ ఉండేవాళ్ళెవరినైనా వెంట తీసుకెళ్ళండి. సిబ్బందికి ఫలానా కాలం దస్తావేజు చూడాలని మర్యాదగా చెప్పండి.

ఈ ప్రాంతంలో సర్వే నంబర్లు ఉండవు. పాత దస్తావేజులో భూమి హద్దులు నడక రూపంలో రాసి ఉంటాయి. ఒక తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి, ఉత్తరం నుంచి ఇన్ని డిగ్రీలు తూర్పుకు తిరిగి, ఇన్ని పోల్స్ నడిస్తే ఒక రాయి. అక్కడి నుంచి వాగు మెలికల వెంబడి ఫలానావారి మూల దాకా. అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టిన చెట్టుకు. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. మన సర్వేయర్లు లాగిన గొలుసు 66 అడుగులు, వంద లింకులు. అంటే ఒక పోల్ సరిగ్గా 25 లింకులు. ఎఫ్‌ఎంబీలో లింకుల లెక్క చూసి కొలతలు సరిపోల్చిన చేతికి ఇది పరాయి లెక్క కాదు, ఒకే ఇంగ్లీషు గొలుసు రెండు దేశాలకూ పోయింది. కాగితం మీద పెన్సిలుతో ఆ నడక గీసుకుంటూ పోండి, చివరి గీత మొదటి చెట్టు దగ్గర కలిసిందో లేదో చూడండి. కలిస్తే దస్తావేజు రాసినవాడు జాగ్రత్తపరుడు.

చెట్టు పడిపోతే, వాగు దారి మారితే ఏం చేస్తారన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. మన పల్లెల్లో సర్వే రాయి పీకేస్తే వచ్చే తగాదాలే ఇక్కడా వస్తాయి, కోర్టుకూ పోతాయి.

ఇంకో సంగతి. ఇక్కడ అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు రిజిస్టరు ముందు నిలబడి వేలిముద్రలు వేయరు. నోటరీ ముందు సంతకం పెట్టి, ఆ కాగితాన్ని దాఖలు చేస్తారు. బదిలీ పన్ను నూరు డాలర్లకు 37 సెంట్లు. రెండు లక్షల ఇంటికి 740 డాలర్లు. ఆంధ్రలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను కలిపి సుమారు ఏడున్నర శాతం కట్టేవాళ్ళకు ఇది నమ్మశక్యం కాదు. అయితే ఒక పోలిక గుర్తుంచుకోండి. మన దగ్గర లాగే ఇక్కడ కూడా రిజిస్టర్ అయ్యేది పత్రమే, హక్కు కాదు. అమ్మేవాడికి నిజంగా హక్కుందో లేదో పాత పుస్తకాలు తిరగేసి తేల్చేది లాయర్లు, టైటిల్ కంపెనీలు. ఆ తర్వాత ఇన్సూరెన్సు కూడా తీసుకుంటారు.

కోర్టు హాలు

పై అంతస్తుకు ఎక్కండి. వాళ్ళ లెక్కలో రెండో అంతస్తు, మన లెక్కలో మొదటిది. ఇక్కడే 1925 జులై 10 నుంచి 21 వరకు జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ళ టీచరు మీద విచారణ జరిగింది. మనిషి కింది జాతి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో చెప్పకూడదని ఆ ఏడాది మార్చిలోనే టెనెసీ బట్లర్ చట్టం చేసింది. దాన్ని మీరాడని కేసు. ప్రాసిక్యూషన్ వైపు మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్, టీచరు వైపు లాయరు క్లారెన్స్ డారో. నాటి జడ్జి బల్ల, రెయిలింగు, బల్లలు, కుర్చీలు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. అడుగు అంతస్తులో మ్యూజియం ఉంది.

విచారణలో పెద్ద పేర్ల గురించే అందరూ మాట్లాడతారు. కౌంటీని చదవడానికి వెళ్ళినవాళ్ళు ఇంకో కోణం చూడాలి. ఈ కేసు డేటన్‌కు ఎందుకొచ్చింది? 1925 నాటికి బొగ్గు, ఇనుము వైభవం పోయింది, ఊరు దిగాలుగా ఉంది. ఆ చట్టాన్ని కోర్టులో పరీక్షించడానికి ముందుకొచ్చే టీచరుకు సాయం చేస్తామని అమెరికా పౌర హక్కుల సంఘం (ఏసీఎల్‌యూ) పత్రికల్లో ప్రకటించింది. అది చూసి జార్జ్ రాపల్యే, ఇంకొందరు ఊరి పెద్దలు రాబిన్సన్ మందుల షాపులో బల్ల చుట్టూ కూర్చుని, కేసు ఇక్కడే నడిస్తే ఊరికి పేరొస్తుందని మాట్లాడుకున్నారు. ఆ షాపు యజమాని ఎఫ్.ఇ. రాబిన్సనే కౌంటీ స్కూల్ బోర్డు ఛైర్మన్, పాఠ్యపుస్తకాలు అమ్మేదీ ఆయన షాపులోనే. చిన్న కౌంటీలో దుకాణం, బడి, కోర్టు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

హాల్లో నిలబడి నేల వైపు చూడండి. జనం కిక్కిరిసి, కింది కప్పులో పగుళ్ళు కనిపించి, అంతస్తు కూలుతుందేమోనని జులై 20న జడ్జి రాల్‌స్టన్ విచారణను బయట పచ్చిక మీద వేసిన వేదికకు మార్చారు. ఆ రోజే డారో ఏకంగా బ్రయాన్‌నే సాక్షిగా ప్రశ్నించాడు. షికాగో రేడియో స్టేషన్ డబ్ల్యూజీఎన్ విచారణను ప్రత్యక్ష ప్రసారం చేసింది, అమెరికాలో ఒక కోర్టు విచారణ అలా ప్రసారం కావడం అదే మొదలు. ఇప్పుడు ఆ పచ్చిక మీద బ్రయాన్ విగ్రహం, డారో విగ్రహం రెండూ ఉన్నాయి. మొదటిది 2005లో, రెండోది 2017లో పెట్టారు. తీర్పు వచ్చిన అయిదో రోజు, జులై 26న, బ్రయాన్ డేటన్‌లోనే చనిపోయాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం జరిమానా. జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో నేరం రుజువైందని చెప్పింది, జడ్జి వంద డాలర్లు వేశాడు. టెనెసీ రాజ్యాంగం ప్రకారం 50 డాలర్లు మించిన జరిమానా జ్యూరీయే వేయాలి, జడ్జి వేయకూడదు. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కారణం మీద శిక్ష కొట్టేసింది. చట్టం చెల్లుతుందని మాత్రం అదే తీర్పులో చెప్పింది. బట్లర్ చట్టం రద్దయింది 1967లో. ప్రపంచమంతా సైన్సు, మతం అని మాట్లాడుకున్న కేసు చివరికి ఎవరి అధికారం ఎంత అన్న దగ్గర తేలింది. కింద బోర్డుల దగ్గర మీరు వేసుకున్న ప్రశ్నకు పై అంతస్తులో దొరికే జవాబు ఇది.

కమిషన్ సమావేశం దొరికితే

కౌంటీ కమిషన్ సభ్యులు 25 మందికి మించకూడదని రాష్ట్ర రాజ్యాంగం. 1974 నాటి బహిరంగ సమావేశాల చట్టం వల్ల తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. తేదీ ముందే కనుక్కుని వెళ్ళండి. రోడ్డు మరమ్మతు, బడి బడ్జెటు, జైలు ఖర్చు, ఇవే చర్చలు. మన జడ్పీ సర్వసభ్య సమావేశాలు చూసినవాళ్ళకు ఎజెండా కొత్తగా అనిపించదు. మాట్లాడేవాళ్ళు పొలం బట్టల్లోనే వచ్చి ఉండొచ్చు, తక్కువగా చూడకండి. పన్ను రేటు మీద చెయ్యెత్తేది వాళ్ళే.

తిరిగి వచ్చే ముందు రెండు చోట్లు

పగటి వెలుగు మిగిలితే ఉత్తరాన స్ప్రింగ్ సిటీ వైపు వెళ్ళండి. 1942లో పూర్తయిన వాట్స్ బార్ డ్యామ్, పక్కనే అణు విద్యుత్ కేంద్రం ఉన్నాయి. 2016లో అక్కడ నడపడం మొదలుపెట్టిన రెండో రియాక్టరు ఈ శతాబ్దంలో అమెరికాలో మొదలైన మొదటి కొత్త రియాక్టరు. డ్యామ్ నీళ్ళ కింద రే స్ప్రింగ్స్ అనే ఊరు మునిగిపోయింది. ఒకప్పుడు ఊట నీళ్ళ కోసం దూరాల నుంచి జనం వచ్చి బస చేసిన ఊరు. వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామాల జాబితాలు తెలిసిన నాకు ఆ సరస్సు వట్టి నీళ్ళలా కనిపించదు. నష్టపరిహారం ఇచ్చి తీసుకున్న భూముల దస్తావేజులు రికార్డుల్లో మిగులుతాయి, ఊరు మిగలదు.

రెండోది, డేటన్ నుంచి 60వ నంబరు రోడ్డు మీద నది దాటాక అవతలి ఒడ్డున ఉన్న చెరోకీ స్మారక పార్కు. 1838లో చెరోకీలను వాళ్ళ నేల మీద నుంచి వెళ్ళగొట్టినప్పుడు వేలమంది ఈ బ్లైత్ ఫెర్రీ రేవులోనే నది దాటారు. దస్తావేజుల పుస్తకంలో హద్దులు చదివాక ఇక్కడికి రండి. ఆ పుస్తకాల్లో మొదటి పేజీకి ముందు భూమి ఎవరిదో అప్పుడు తెలుస్తుంది. చలికాలమైతే పక్కనున్న హయవాసీ వన్యప్రాణుల సంరక్షణ కేంద్రంలో వేలకొద్దీ శాండ్‌హిల్ కొంగలు దిగి ఉంటాయి.

వెళ్ళేది వారం మధ్యలో, ఉదయం పూట వెళ్ళండి. శని ఆదివారాల్లో ఆఫీసులు మూసి ఉంటాయి, అప్పుడు కట్టడం బయట నుంచి చూసి రావడమే అవుతుంది. కోర్టు నడుస్తుంటే ఫోను ఆపేసి వెనక వరసలో కూర్చోండి. పాస్‌పోర్టు గానీ ఇంకేదైనా గుర్తింపు కార్డు గానీ దగ్గర పెట్టుకోండి. ఒక నోటుపుస్తకం, పెన్సిలు కూడా. దస్తావేజులో హద్దుల నడక గీసుకోవడానికి కావాలి.